చోక్ లేని బండిలో చోక్ కంపు: పీ0172తో నెలన్నర

మే 24, శనివారం. నార్సింగిలో కూరగాయలు కొనుక్కుని బండి ఎక్కగానే స్క్రీన్ మీద పసుపు రంగులో చిన్న మెసేజ్ వచ్చింది. ఇంజన్ ఆయిల్ లెవెల్ పై హద్దు దాటింది, వీలు చూసుకుని చెక్ చేయించండి అని. ఆయిల్ తగ్గితే కదా భయపడాలి, ఎక్కువుంటే ఏమవుతుందిలే అనుకుని ఓకే నొక్కేశాను. తర్వాత నెలన్నర పాటు నేను వెతుక్కుంటూ తిరిగింది ఆ ఒక్క లైను అర్థమే. అది తెలిసేసరికి యాభై అయిదు వేలు కట్టేశాను.

ముందు బండి సంగతి. 2021 మోడల్ లగ్జరీ ఎస్‌యూవీ, రెండు లీటర్ల టర్బో పెట్రోల్, డైరెక్ట్ ఇంజెక్షన్. 2023లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. కంపెనీ పేరు, షోరూం పేరు రాయను. ఈ తరం ఇంజన్ ఏ కంపెనీదైనా ఈ తంతు ఇంచుమించు ఇలాగే ఉంటుంది. ఎక్స్‌టెండెడ్ వారంటీ ఆగస్టు 19 వరకు ఉంది. ఈ కథలో నాకు నిద్ర పట్టకుండా చేసిన తేదీ అదే.

జూన్ 14న పాపని డాన్స్ క్లాసు నుంచి తీసుకొస్తుంటే గండిపేట మలుపు దగ్గర చెక్ ఇంజన్ లైటు వెలిగింది. బండి మామూలుగానే నడుస్తోంది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు మాత్రం చిన్నగా వణుకు. ఇంటికెళ్ళి, ఎప్పుడో 1,200 పెట్టి కొన్న ఓబీడీ డాంగిల్ (బండి కంప్యూటర్ దాచుకున్న కోడ్‌లని ఫోన్లో చూపించే చిన్న పరికరం) తీసి స్టీరింగ్ కింద పెట్టాను. కోడ్ పీ0172. సిస్టమ్ టూ రిచ్, బ్యాంక్ 1. బ్యాంక్ అంటే సిలిండర్ల వరుస.

రిచ్ అంటే బజాజ్ చేతక్ నడిపినవాళ్ళకి చెప్పక్కర్లేదు. చలికాలం పొద్దున్నే చోక్ లాగి స్టార్ట్ చేసి, లోపలికి నెట్టడం మర్చిపోయి ఆఫీసుకి వెళ్ళిపోతే ఎలా ఉంటుందో అదే. గాలి తక్కువ, పెట్రోల్ ఎక్కువ. ఇప్పటి బండ్లకి చోక్ లేదు. ఒక పాలు పెట్రోల్‌కి దాదాపు 14.7 పాళ్ళ గాలి ఉండేలా కంప్యూటరే చూసుకుంటుంది. సైలెన్సర్ దారిలో ఉండే ఆక్సిజన్ సెన్సర్ చెప్పేదాన్ని బట్టి పెట్రోల్ తగ్గించడమో పెంచడమో చేస్తుంది. ఆ దిద్దుబాటుని ఫ్యూయల్ ట్రిమ్ అంటారు. సున్నాకి అటూ ఇటూ అయిదారు శాతం ఉంటే ఆరోగ్యం. నా బండిలో మైనస్ 24 చూపిస్తోంది. అంటే పెట్రోల్‌ని నాలుగో వంతు కోసేసినా ఇంకా ఎక్కువే అవుతోందని కంప్యూటర్ చేతులెత్తేసింది.

ఆ స్క్రీన్‌ని ఫోన్లో స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నాను. కోడ్ పడిన క్షణంలో ఇంజన్ పరిస్థితి ఏమిటో బండే ఒక ఫొటోలా దాచుకుంటుంది. ఆర్‌పీఎం 780, ఇంజన్ వేడి 96 డిగ్రీలు. అంటే బండి ఆగి ఉంది, ఇంజన్ బాగా వేడెక్కి ఉంది. అప్పుడు అవి నాకు ఉత్త అంకెలే. ఎందుకు తీశానో కూడా తెలియదు, బిల్లులు దాచుకునే అలవాటు లాంటిది. నెలన్నరలో నేను చేసిన మంచి పనులు రెండే రెండు. వాటిలో ఇది మొదటిది.

సోమవారం సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేస్తే గురువారం రమ్మన్నారు. ఈలోపు ఇంట్లో వైద్యులు తయారయ్యారు. మా బావమరిది, "అదంతా ఈ20 పెట్రోల్ పుణ్యం బావా, మా ఆఫీసులో అందరిదీ ఇదే గోల" అన్నాడు. ఈ20 అంటే ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. నేనూ నమ్మేశాను. తెనాలి నుంచి నాన్న ఫోన్ చేసి ఒకే ప్రశ్న వేశారు. "ఆయిల్ చూశావురా?" ఆయన ఇరవై ఏళ్ళు అంబాసిడర్ నడిపిన మనిషి. ఈ బండికి ఆయిల్ చూసే పుల్ల ఉండదు నాన్నా, స్క్రీన్ మీద వస్తుంది అంటే కాసేపు మాట్లాడలేదు. "పుల్ల లేకుండా వాసన ఎట్లా చూస్తావు మరి?" అన్నారు. నవ్వి ఊరుకున్నాను.

జూన్ 19. సర్వీస్ సెంటర్లో కాఫీ చాలా బాగుంటుంది. రెండు గంటల తర్వాత అడ్వైజర్ వచ్చి, "సర్, మీరు ఎక్కువగా షార్ట్ ట్రిప్పులు తిప్పుతున్నారు కదా, ఇంజన్ సరిగా వేడెక్కడం లేదు. ఎయిర్ ఫిల్టర్ కూడా మురికిగా ఉంది" అన్నాడు. షార్ట్ ట్రిప్పుల మాట నిజమే. పాప స్కూలు మూడు కిలోమీటర్లు, నేను రాయదుర్గం ఆఫీసుకి వెళ్ళేది వారానికి రెండు రోజులు. కొత్త ఎయిర్ ఫిల్టర్ వేసి, లోపలికి వెళ్ళే గాలిని కొలిచే సెన్సర్‌ని స్ప్రే కొట్టి శుభ్రం చేసి, కోడ్ చెరిపేశారు. స్కానింగ్‌కి జీఎస్టీతో 4,130. ఫిల్టర్ 5,600. స్ప్రే కొట్టినందుకు 1,800. "ఓఆర్ఆర్ మీద ఒక రౌండ్ వేసి రండి సర్, అంతా క్లియర్ అయిపోతుంది."

ఓఆర్ఆర్ అంటే హైదరాబాద్ చుట్టూ ఉండే ఔటర్ రింగ్ రోడ్డు, పూర్తి రౌండ్ 158 కిలోమీటర్లు. ఆదివారం పొద్దున ఆరింటికి నేనూ మా ఆవిడా థర్మాస్‌లో టీ పోసుకుని నిజంగానే వేసొచ్చాం. బండి వెన్నలా నడిచింది. ట్రిమ్ కూడా మైనస్ ఎనిమిది దగ్గర నిలబడింది. సమస్య తీరిపోయిందని ఘట్‌కేసర్ దాటాక ఆగి ఇడ్లీ తిన్నాం. మంగళవారం, జూన్ 24న, స్కూలు గేటు ముందు మళ్ళీ లైటు.

రెండోసారి బండిని జూన్ 26న ఇచ్చాను. గోల్కొండలో బోనాలు మొదలైన రోజు. ఆ ట్రాఫిక్‌లో క్యాబ్‌లో ఇల్లు చేరడానికి గంటన్నర పట్టింది. నాలుగు రోజులు ఉంచుకున్నారు. ఈసారి తీర్పు ఆక్సిజన్ సెన్సర్. "రిచ్ అని చెప్తున్నది ఆ సెన్సరే కాబట్టి అదే తప్పు చెప్తోంది" అన్నది వాళ్ళ వాదన. వారంటీలో రాదా అంటే, అరిగిపోయే సామాను కింద లెక్క కాబట్టి రాదన్నారు. సెన్సర్, లేబర్ కలిపి 43,600. కార్డు గీకేటప్పుడు నా చెయ్యి వణకలేదంటే అబద్ధం. పాత సెన్సర్ ఇమ్మని అడిగాను. ఎందుకన్నట్టు చూసి, ఆ కొత్త దాని అట్టపెట్టెలోనే పెట్టి ఇచ్చారు. నేను చేసిన రెండో మంచి పని ఇది.

జూలై 5న మూడోసారి వెలిగింది.

ఈసారి లైటు ఒక్కటే కాదు. బండి వేడిగా ఉన్నప్పుడు ఆపి, పది నిమిషాల తర్వాత మళ్ళీ స్టార్ట్ చేస్తే మూడు నాలుగు సెకన్లు గిర్రున తిరిగి అంటుకునేది. ఏసీలోంచి సన్నగా పెట్రోల్ కంపు. మైలేజీ లీటరుకి తొమ్మిదిన్నర నుంచి ఏడుకి పడిపోయింది, ఇక్కడ లీటరు 107 దాటిన రోజుల్లో. మా ఆవిడ పాపని ఆ బండిలో ఎక్కించనని తేల్చి చెప్పేసింది. "వాసన వస్తున్న బండిలో పిల్లని ఎక్కిస్తావా నువ్వు? నేను ఆటోలో తీసుకెళ్తా." నలభై లక్షల బండి కింద పార్కింగ్‌లో ఉంటే, పిల్ల ఆటోలో స్కూలుకి వెళ్ళడం బాల్కనీలోంచి చూస్తూ నిలబడ్డాను. డబ్బు పోయినదానికంటే అది ఎక్కువ బాధపెట్టింది.

సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేస్తే, బండి చూడకుండానే వాట్సాప్‌లో ఎస్టిమేట్ పంపారు. పెట్రోల్‌ని సిలిండర్లోకి చిమ్మే ఇంజెక్టర్లు నాలుగూ మార్చాలి, 2,15,000. పెట్రోల్ కల్తీ వల్ల పాడయితే వారంటీ వర్తించకపోవచ్చని కింద ఒక లైను. ఆ రాత్రి రెండింటి దాకా మేలుకుని లెక్కలు వేసుకున్నాను. వారంటీ ముగియడానికి సరిగ్గా నలభై అయిదు రోజులుంది.

ఆఫీసులో ఒకాయన మూసాపేటలో ఒక గ్యారేజీ చెప్పాడు. రేకుల షెడ్డు, లోపల మాత్రం అన్నీ విదేశీ బండ్లే. నడిపేది యాభై దాటిన భాయ్. జూలై 8న తీసుకెళ్ళాను. ఆయన బానెట్ ఎత్తలేదు. ముందు టీ తెప్పించి, మొదటి నుంచి చెప్పమన్నాడు. నేను ఎయిర్ ఫిల్టర్, సెన్సర్, ఇంజెక్టర్లు అని చెప్పుకుపోతుంటే మధ్యలో ఆపాడు. "కోడ్ పడ్డప్పుడు ఆర్‌పీఎం ఎంత సార్?" స్క్రీన్‌షాట్ చూపించాను. ఆయన మొహంలో మొదటిసారి ఆసక్తి కనిపించింది. "ఇది వాళ్ళకి చూపించారా?" లేదన్నాను. అడగలేదు, చూపించలేదు. వాళ్ళు కోడ్ చెరిపినప్పుడు వాళ్ళ దగ్గరున్నదీ పోయింది.

తర్వాత జరిగింది పక్కన నిలబడి చూశాను కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తాను.

బండి స్టార్ట్ చేసి స్కానర్ పెట్టాడు. ఆగి ఉన్నప్పుడు ట్రిమ్ మైనస్ 27. కుర్రాడి చేత యాక్సిలరేటర్ నొక్కించి ఆర్‌పీఎం 2,500 దగ్గర పట్టించాడు. మైనస్ ఎనిమిదికి వచ్చింది. వదిలేశాడు, మళ్ళీ మైనస్ 27. "చూశారా? ఇంజెక్టర్ లెక్క తప్పితే పరిగెత్తేటప్పుడు కూడా తప్పాలి కదా. ఇది నిలబడ్డప్పుడే ఎక్కువ. ఎక్కడినుంచో పెట్రోల్ ఆవిరి దొంగతనంగా లోపలికొస్తోంది. పరిగెత్తేటప్పుడు గాలి చాలా పీలుస్తుంది కాబట్టి అందులో ఈ ఆవిరి కలిసిపోతుంది. నిలబడ్డప్పుడు పీల్చే గాలే కొంచెం, అందుకని ఘాటు." ఓఆర్ఆర్ మీద బండి ఎందుకు బుద్ధిగా నడిచిందో, స్కూలు గేటు దగ్గర ఎందుకు లైటు వెలిగిందో నాకు అప్పుడు తెలిసింది.

ఆవిరి రాగలిగే దారులు రెండన్నాడు. ఒకటి పెట్రోల్ ట్యాంకు నుంచి వచ్చే పర్జ్ వాల్వ్. దాని గొట్టాన్ని పట్టకారుతో నొక్కి పట్టాడు. రెండు నిమిషాలు చూశాం. అంకె కదల్లేదు. రెండోది ఇంజన్ ఆయిల్ ఉండే భాగం నుంచి గాలిని మళ్ళీ ఇంజన్‌లోకే పంపే బ్రీదర్ గొట్టం. దాన్ని ఊడదీసి, ఇంజన్ వైపు రంధ్రాన్ని రబ్బరు బిరడాతో మూసేశాడు. స్కానర్ మీద అంకె మైనస్ 27 నుంచి 20, 14, 9... నేను ఊపిరి బిగబట్టి చూస్తున్నాను. మైనస్ అయిదు దగ్గర ఆగింది. ఊడదీసిన గొట్టం నా ముక్కు దగ్గర పెట్టాడు. పెట్రోల్ బంకులో నిలబడ్డట్టుంది.

బండి ఆపి, ఆయిల్ పోసే మూత తిప్పి చేతికిచ్చాడు. "వాసన చూడండి." అదే కంపు. న్యూస్‌పేపర్ ముక్క మీద ఒక బొట్టు వేశాడు. ఇంజన్ ఆయిల్ మామూలుగా కదలకుండా కూర్చోవాలి. ఇది చుట్టూ పల్చటి రింగు వేసుకుంటూ పాకిపోయింది. "ఆయిల్ లెవెల్ ఎక్కువైందని ఎప్పుడైనా మెసేజ్ వచ్చిందా?"

మే 24, కూరగాయల సంచి, ఓకే బటన్. ఆరు వారాల కింద.

అసలు దోషి హై ప్రెషర్ ఫ్యూయల్ పంపు అయ్యుంటుందన్నాడు. డైరెక్ట్ ఇంజెక్షన్ బండ్లలో పెట్రోల్‌ని 200 బార్, అంతకన్నా ఎక్కువ ఒత్తిడితో సిలిండర్‌లోకి కొడతారు. బండి టైర్లో ఉండేది రెండు బార్ చిల్లర, పోల్చుకోండి. ఆ పంపుని ఇంజన్ క్యామ్‌షాఫ్టే, అంటే వాల్వులని తెరిచే కడ్డీయే, తొక్కుతుంది. పంపులో ఉండే చిన్న సీల్‌కి ఒక పక్క పెట్రోల్, ఇంకో పక్క ఇంజన్ ఆయిల్. అది పోతే పెట్రోల్ బొట్టుబొట్టుగా ఆయిల్లోకి దిగుతుంది. బయట ఎక్కడా ఒక్క చుక్క కారదు. అందుకే పార్కింగ్‌లో నేల పొడిగా ఉంది. ఆయిల్ వేడెక్కాక అందులో పెట్రోల్ ఆవిరై బ్రీదర్ గుండా మళ్ళీ ఇంజన్‌లోకే వెళ్తుంది. ఆక్సిజన్ సెన్సర్ పాపం మొదటి నుంచీ నిజమే చెప్తోంది.

మరి ఈ20 అన్నాను, మా బావమరిది పరువు కోసం. భాయ్ నవ్వాడు. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది, ఈ20 పోస్తే కంప్యూటర్ పెట్రోల్ పెంచాలి గానీ తగ్గించకూడదు, అంకె ప్లస్‌లోకి వెళ్ళాలి, మనది మైనస్ అన్నాడు. ఈ20తో వేరే తిప్పలు ఉండొచ్చు, ఇది మాత్రం దానిది కాదు.

ఇక్కడే ఆ మనిషి మీద నాకు గౌరవం పెరిగింది. ఆయిల్ తీసేసి కొలుద్దామా అని నేనడిగితే వద్దన్నాడు. "నేను తీస్తే సాక్ష్యం పోతుంది సార్. వారంటీ ఉంది కదా. వాళ్ళ చేతే, మీ ముందే తీయించండి. ఎన్ని లీటర్లు వచ్చిందో రాయించుకోండి. ఇంకో మాట, ఇక బండి నడపొద్దు. పెట్రోల్ కలిసిన ఆయిల్ నీళ్ళలా ఉంటుంది, బేరింగులు, టర్బో పోతాయి. టోయింగ్‌లో పంపండి." ఇంకో పంపు అమ్ముకునే అవకాశం చేతిలో పెట్టుకుని తీసుకున్నది 1,500. పరీక్ష మొత్తం ఫోన్లో వీడియో తీసుకోమని కూడా ఆయనే చెప్పాడు. బండిని ఆ రెండు రోజులూ ఆయన షెడ్డులోనే వదిలేశాను.

జూలై 10న ఫ్లాట్‌బెడ్ మీద సర్వీస్ సెంటర్‌కి పంపాను. 3,200. ఈసారి కాఫీ తాగలేదు. అడ్వైజర్‌ని కాకుండా వర్క్‌షాప్ మేనేజర్‌ని అడిగి, వీడియో చూపించి, ఆయిల్ నా ఎదుటే తీయమన్నాను. కస్టమర్లు లోపలికి రాకూడదని మొదట అడ్డం చెప్పారు. గీత బయట నిలబడతానన్నాను. ఆరు లీటర్లు పట్టే ఇంజన్. కొలత డబ్బాలో ఏడు దాటింది, ఇంకా ధార ఆగలేదు. చివరికి ఏడున్నరకి కొంచెం తక్కువ. నూనెలా కాదు, పల్చటి చారులా కారింది. మేనేజర్ వేలితో తాకి, రెండు వేళ్ళ మధ్య రుద్దుకుని, నా వైపు చూడకుండా టెక్నీషియన్‌తో ఏదో చెప్పాడు. మర్నాడు పంపు ఊడదీసి, ట్యాంకులోని మోటార్ మాత్రం ఆన్ చేసి చూస్తే పంపు అడుగు నుంచి బొట్లు పడ్డాయట. ఆ వీడియో వాళ్ళే పంపారు.

ఇక ఎదురుచూపులు. వారంటీ అప్రూవల్‌కి నాలుగు పనిదినాలన్నారు. తొమ్మిది రోజులు పట్టింది. మొదట ఇంజెక్టర్ కేసుగా రాసింది దిద్దించడానికి రెండు రోజులు పోయాయి. లాల్‌దర్వాజ బోనాల మర్నాడు సెలవు కూడా మధ్యలో వచ్చింది. రోజూ పొద్దున పదకొండింటికి ఫోన్ చేయడం నా దినచర్య అయిపోయింది. పంపు వచ్చి, బిగించి, జూలై 28న బండి చేతికిచ్చారు. పంపు, దాని లేబర్ వారంటీలో వచ్చాయి. ఆయిల్, ఫిల్టర్, మసి పట్టిన స్పార్క్ ప్లగ్గులు నాలుగు రాలేదు, వాటికి 29,800. పాత పెట్రోల్ ఇంకా మూలమూలల్లో ఉంటుందని భాయ్ చెప్పిన మీదట 600 కిలోమీటర్ల తర్వాత మళ్ళీ ఆయిల్ మార్పించాను. అది ఆయన దగ్గరే, 13,500. క్యాబులకి ఒక ఏడు వేలు అయ్యుంటుంది. అన్నీ కలిపితే లక్షా పది వేలు. వారంటీలో వచ్చిన పంపు ఖరీదు ఇందులో లేదు. అది ఎంతో వాళ్ళు చెప్పలేదు.

ఇప్పుడు ఆగి ఉన్నప్పుడు ట్రిమ్ మైనస్ రెండు, మూడు మధ్య ఉంటోంది. మైలేజీ మళ్ళీ తొమ్మిది దాటింది. మా ఆవిడ మొదటి రోజు ఎక్కగానే ఏసీ ఫుల్లు పెట్టి, కళ్ళు మూసుకుని ఓ నిమిషం వాసన చూసి, అప్పుడు పాపని పిలిచింది. ఆదివారం పూట బండి చల్లారాక ఆయిల్ మూత తీసి వాసన చూడటం నాకు అలవాటైంది. నాన్నకి చెప్తే, "మరి నేను ముందే అన్నాను కదరా" అని ఈ కథని తెనాలిలో ఎంతమందికి చెప్పారో లెక్క లేదు.

అనవసరంగా మార్చిన సెన్సర్ 43,600 తిరిగివ్వమని మెయిల్ పెట్టాను. మూడు వారాలకి జవాబొచ్చింది. తర్వాతి సర్వీసు లేబర్లో పది శాతం తగ్గిస్తారట. నేనింకా సమాధానం రాయలేదు. అట్టపెట్టెలో ఇచ్చిన పాత సెన్సర్‌ని భాయ్‌కి చూపించాను. అటూ ఇటూ తిప్పి చూసి, "దీనికేం కాలేదు సార్, దాచుకోండి. కొత్తది ఎప్పుడైనా పోతే ఇది వేద్దాం" అన్నాడు. డిక్కీలో స్టెప్నీ పక్కన పెట్టాను.